పొయ్యికి ఐదు కుంచాలు

మా ఊరికి ఇంగ్లీషు వైద్యం చదివిన డాక్టరుగారు వచ్చింది 1935 వేసవిలో. వెళ్ళిపోయింది 1939 చివర. మధ్యలో నాలుగు పంటలకు ఊరంతా కలిసి ఆయనకు ధాన్యం కొలిచింది. ఇప్పుడు ఎవరితోనైనా ఈ మాట అంటే, వైద్యానికి ధాన్యం కొలవడమేమిటని వింతగా చూస్తారు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాసి పెడుతున్నాను.

మాది దివిసీమలో మోపిదేవికి దగ్గర ఊరు. బందరు వెళ్ళాలంటే రేవు దాకా ఎడ్లబండి, కృష్ణ దాటడానికి పడవ, అవతలి ఒడ్డున బస్సు. ఏరు పోటు మీదుంటే అదీ లేదు. డాక్టరుగారు బందరు మనిషి. మా ఊళ్ళో ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుని బల్ల పెట్టుకున్నారు. చెయ్యి చూస్తే రూపాయి, మందుకు వేరే. రూపాయి అంటే కూలి చేసుకునే మనిషికి కొన్ని రోజుల కష్టం. చలిజ్వరం వచ్చినవాడు ముందు కషాయం తాగేవాడు, తరవాత తాయెత్తు కట్టించుకునేవాడు, ఇక లేవలేడనుకున్నాక నులకమంచం మీద డాక్టరుగారి అరుగు దగ్గరికి మోసుకొచ్చేవాళ్ళు. అప్పటికి ఆయన చెయ్యగలిగింది పెద్దగా ఏమీ ఉండేది కాదు. మనిషి పోయేవాడు. డాక్టరుగారి హస్తవాసి మంచిది కాదన్న పేరు మాత్రం ఊళ్ళో నిలిచిపోయేది.

ఆలోచన మునసబుగారిది. చాకలికి, మంగలికి, వడ్రంగికి కళ్ళంలో మేర కొలవడం మా వైపు ఆచారం. ఏడాది పొడుగునా వాళ్ళు ఊరి పని చేస్తారు, పంట నూర్చిన రోజున తమ వంతు ధాన్యం పట్టుకెళ్తారు. డాక్టరుగారికీ అలాగే మేర కొలిస్తే, ఎవరికి ఎప్పుడు జ్వరం వచ్చినా రూపాయి కోసం వెనకాడకుండా మొదటి రోజే వస్తారు కదా అన్నారాయన. డాక్టరుగారు ఒప్పుకున్నారు. ఐదుగురు పెద్దలు పూచీ పడ్డారు. బోర్డు స్కూల్లో హెడ్మాస్టరు కాబట్టి మా నాన్నగారు ఆ ఐదుగురిలో ఒకరు. ఇంటికి ఐదు కుంచాలన్నారు. పొలం లేని కూలివాళ్ళ తరఫున వాళ్ళు పనిచేసే ఆసామి కొలవాలి. ఇక్కడ కుదరని జబ్బు అయితే డాక్టరుగారు చీటీ రాస్తారు, పెద్దలు ఐదుగురూ సరేనంటే బందరులో వైద్యం ఖర్చు కూడా ఊరి ధాన్యంలోంచే పెట్టాలి.

మొదటి ఏడు మేలే జరిగింది. ఆ శ్రావణంలో చలిజ్వరాలకు జనం వేళకు వచ్చారు, వేళకు మందు తాగారు. మా వీధిలో ఆ ఏడు జ్వరంతో ఒక్క మనిషీ పోలేదు. ఇది నేను చూసిన మాట.

చిక్కులు కూడా ఆ ఏడే మొదలయ్యాయి. మేర అనగానే జనానికి చాకలిమేర గుర్తొచ్చింది. మా వీధి చివర ఇంటావిడ నూతి దగ్గర అందరూ వింటుండగా అడిగింది.

"చాకలి రోజూ గుమ్మంలోకొచ్చి మాసిన బట్టలున్నాయా అని అడుగుతాడు. ఈ డాక్టరు ఒక్కనాడైనా వచ్చి, మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అని అడిగాడా? ఐదు కుంచాలు ఊరికే పుచ్చుకున్నాడా?"

ఇంకో రైతు మాఘమాసంలో ఒక ఖాళీ సీసా పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాడు. "ఏడాదంతా నాకు జలుబైనా చెయ్యలేదండీ. నా వంతు మందు మిగిలిపోయింది. ఈ సీసాలో పోసివ్వండి, ఇంట్లో ఉంచుకుంటాను" అన్నాడు. డాక్టరుగారు నవ్వి పోసిచ్చారట. పోసిచ్చి ఉండకూడదు. మర్నాడు సీసాలు పట్టుకుని పదిమంది వచ్చారు.

ఆయన వైపు నుంచి చూస్తే ఆయన మారింది కూడా నిజమే. రోగులు వచ్చినా రాకపోయినా అదే ధాన్యం కాబట్టి, రెండో ఏడుకి పొద్దెక్కకముందే తలుపు దగ్గరికి వేసేవారు. తలనొప్పికీ కడుపునొప్పికీ ఒకే ఎర్రమందు వచ్చేది. కానీ జబ్బు పెద్దదని తోస్తే మాత్రం నిర్లక్ష్యం చేసేవారు కాదు. అది కూడా చెప్పాలి.

అన్నిటికంటే పెద్ద తగువు నాలుగు వంటిళ్ళ లోగిలితో వచ్చింది. ఊళ్ళో అందరికంటే ఎక్కువ పొలం వాళ్ళది. నలుగురు అన్నదమ్ములు, నాలుగు వంటిళ్ళు, పిల్లాజెల్లా కలిపి ముప్ఫైమంది. గుమ్మం మాత్రం ఒకటే. ఇంటికి ఐదు కుంచాలన్నారు కాబట్టి ఐదే కొలిచారు. డాక్టరుగారిని అందరికంటే ఎక్కువసార్లు పిలిపించిందీ వాళ్ళే. అది చూడలేక రెండో పంటకు ముందు మా నాన్నగారు కొత్త కట్టుబాటు రాశారు. ఇల్లు కాదు, పొయ్యి లెక్క. పొయ్యికి ఐదు కుంచాలు. ఒక పొయ్యి మీద తినేవాళ్ళందరూ ఒక లెక్క. ఏటా కుప్పనూర్పుల ముందు కరణంగారి తమ్ముడు ఇల్లిల్లూ తిరిగి పొయ్యిలు చూసి రావాలి. కొత్తగా చేరిన పొయ్యికి ఒక పంట గడిచేదాకా బందరు ఖర్చు ఇవ్వకూడదు. లేకపోతే జబ్బు ముదిరాక వచ్చి చేరతారని ఆయన భయం.

లెక్క బాగా కుదిరింది. నూట అరవై పొయ్యిలు, ఎనిమిది వందల కుంచాలు, అంటే సరిగ్గా పది పుట్లు. ఏడు పుట్లు డాక్టరుగారికి, రెండు మందులకు, ఒకటి బందరు ప్రయాణాలకు. నాలుగు వంటిళ్ళ లోగిలి పెద్దాయన ఇరవై కుంచాలూ కొలిచారు. కొలుస్తూ నాన్నగారితో, "పొయ్యిలు లెక్కపెట్టడం బళ్ళో నేర్పుతున్నారా మేష్టారూ?" అని మాత్రం అన్నారు.

మా ఇంట్లో ఎన్ని పొయ్యిలున్నాయో నాన్నగారు చూసుకోలేదు.

మా ఇంట్లో రెండు పొయ్యిలు. వంటింట్లో అమ్మది. పెరటి వసారాలో మా అత్తయ్యది. మడి వంట చోటు కదా అని కరణంగారి తమ్ముడు కూడా అటు వెళ్ళి చూడలేదు. అత్తయ్య నాన్నగారికి అక్క. పదహారో ఏట భర్త పోయి పుట్టింటికి వచ్చింది. నాన్నగారిని ఎత్తుకుని పెంచింది, తరవాత మమ్మల్ని నలుగురినీ పెంచింది. ఆవిడది కఠినమైన మడి. స్నానం చేసి, ఎవరూ తాకకుండా ఆరేసిన బట్ట కట్టుకుని, తన పొయ్యి మీద తనే వండుకుని పగలొకసారి భోంచేసేది. ఆ పొయ్యి మీద అమ్మ చెయ్యి కూడా పడటానికి వీల్లేదు. వాళ్ళిద్దరికీ ఇరవై ఏళ్ళుగా మాటామాటా పట్టింపు. అమ్మ పులుసులో ఉప్పెక్కువని అత్తయ్య వాసన చూసి చెప్పేది. వాసనకి ఉప్పు తెలుస్తుందా అని అమ్మ మాతో అనేది.

1937 వానాకాలానికి అత్తయ్యకు చూపు బాగా తగ్గింది. మోపిదేవి వెళ్ళి మొక్కుకుని వచ్చింది. దసరా వెళ్ళేసరికి ఎదుట నిలబడిందెవరో గొంతు వింటేనే తెలిసేది. డాక్టరుగారు వచ్చి కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూశారు.

"రెండు కళ్ళలోనూ శుక్లాలేనండీ. ఎడంది కాస్త ఆగుతుంది. కుడి కన్ను బాగా ముదిరింది. ఈ మాఘం లోపల తీయించాలి. వచ్చే ఏడు చూద్దామనుకుంటే కన్ను పోటెత్తి పూర్తిగా పోవచ్చు."

బందరులో ఒక కంటి డాక్టరు సొంతంగా నడిపే చిన్న ఆసుపత్రి ఉంది. ఆపరేషను, అక్కడ ఉండటం, కళ్ళద్దాలు అన్నీ కలిపితే నాన్నగారి మూడు నెలల జీతం. పాడి గేదెను అమ్ముదామని నాన్నగారు అంటే అత్తయ్య కేకలేసింది. "నా ఒక్కదాని కళ్ళకోసం పిల్లల నోట్లో పాలు తీస్తావుట్రా? ఊరివాళ్ళు ఇస్తారని కదూ ధాన్యం కొలిచావు?"

చీటీ పెద్దల ముందుకు వెళ్ళింది. మునసబుగారి అరుగు మీద మాట్లాడుకున్నారు. నాన్నగారు ఇంటికి వచ్చి చెప్పిందీ, తరవాత మునసబుగారి భార్య చెప్పిందీ ఒక్కలాగే ఉన్నాయి కాబట్టి నిజమే అయ్యుంటుంది. లోగిలి పెద్దాయన కూడా ఐదుగురిలో ఒకరు.

"మేష్టారూ, మీ అక్కగారు ఏ పొయ్యి మీద తింటారు?"

నాన్నగారికి అప్పుడు వెలిగింది. "ఆవిడ పొయ్యి మీదే" అన్నారు.

"ఆ పొయ్యికి ఐదు కుంచాలు ఎవరు కొలిచారు?"

"ఎవరూ కొలవలేదు."

"ఈ పంటకి కొలిచినా కొత్త పొయ్యే అవుతుంది. కొత్త పొయ్యికి పంట గడిచేదాకా బందరు ఖర్చు లేదు. రాసింది తమరే కదండీ?"

మునసబుగారు సర్దిచెప్పబోయారు. ముసలావిడ, ఒంటిపూట తిండి, అదీ ఒక పొయ్యేనా అన్నారు. లోగిలి పెద్దాయన వినలేదు. "మా మూడో తమ్ముడి భార్య కూడా ఒంటిపూటే తింటుంది, ఒంట్లో బాగోక. ఆ పొయ్యి లెక్కలోకి వచ్చింది కదా?" నాన్నగారే చీటీ వెనక్కి తీసుకుని వచ్చేశారు. రాసినవాడిని నేనే, నా ఇంటికోసం నేనే ఎలా తప్పుతాను అని ఆయన పట్టుదల. అమ్మకు ఆ పట్టుదల మీద ఒళ్ళు మండింది.

"కట్టుబాట్లు రాసేటప్పుడు ఒక్కసారి మన పెరట్లోకి తొంగి చూస్తే సరిపోయేది కదండీ" అంది.

మిగిలిన దారి ఒక్కటే. లెక్కపెట్టే రోజుకి మా ఇంట్లో ఒక్క పొయ్యే వెలగాలి. అప్పుడు అత్తయ్య పాత పొయ్యి మనిషే అవుతుంది. నాన్నగారు అత్తయ్య దగ్గర కూర్చుని బతిమాలారు. "అక్కయ్యా, ఈ ఒక్క ఏడాది మాతో కలిసి తిను. నీ మరదలు కూడా స్నానం చేసే వండుతుంది."

"ఇన్నేళ్ళు లేనిది కళ్ళు పోతాయని ఇప్పుడు మడి వదలమంటావా? గుడ్డిదాన్నయినా తడుముకుంటూ నా వంట నేను చేసుకుంటాను. వెళ్ళు."

ఆయన లేచి వచ్చేశారు. మూడోనాడు, అంటే కార్తిక పౌర్ణమి వెళ్ళిన మర్నాడు, అమ్మ పొద్దున్నే వంటింటి పొయ్యిలో బూడిదంతా ఎత్తి పారబోసింది. పొయ్యి అలికి ముగ్గు వేసింది. కట్టెలు మాత్రం పెట్టలేదు. పెరటి వసారా గడప బయట నిలబడి పిలిచింది.

"వదినగారూ, ఇవాళ ఏడుగురికి వండండి."

"ఏడుగురేమిటి?"

"మీరు మా పొయ్యి మీది తినకూడదు గానీ, మేము మీ పొయ్యి మీది తినకూడదని ఎక్కడా లేదు కదా? నా పొయ్యి ఆర్పేశాను."

అత్తయ్య తడుముకుంటూ గడప దాకా వచ్చింది. తరవాత, "ఎన్నాళ్ళు?" అంది.

"మీ కళ్ళు వచ్చేదాకా."

"నీ వంటిల్లు వదులుకుని నా గడప బయట నిలబడగలవా, అమ్మాయ్?"

"ఇరవై ఏళ్ళుగా బయటే కదండీ నిలబెట్టారు" అంది అమ్మ. అత్తయ్య నవ్వింది. వాళ్ళిద్దరూ ఒకే మాటకు నవ్వగా నేను వినడం అదే మొదలు.

అప్పుడు నాకు పదిహేనేళ్ళు. ఆ వంట ఎలా సాగిందో నాకు బాగా గుర్తు. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు, అత్తయ్యకు కనపడదు. అందుకని అమ్మ గడప బయట పీట వేసుకుని కూర్చుని నోటితో వండేది. "చింతపండు మీ కుడిచేతి పక్కన ఉందండీ... ఇంకొంచెం అవతలికి. గిన్నె పొంగుతోంది, మంట తియ్యండి. ఉప్పు ఇందాకే వేశారు, మళ్ళీ వెయ్యకండి." "నాకు తెలుసులే" అనేది అత్తయ్య, అంటూనే మళ్ళీ వేసేది. రాత్రి వంట లేదు. పగటి అన్నమే చల్లగా మజ్జిగ పోసుకుని తినేవాళ్ళం. మా చిన్నవాడు వేడన్నం కావాలని ఏడ్చేవాడు.

కూరలు నేను తరిగి ఇచ్చేదాన్ని. బియ్యం మాత్రం అత్తయ్య ఎవరినీ ఏరనిచ్చేది కాదు. చేటలో పోసుకుని వేళ్ళతో తడుముతూ తనే ఏరేది. అవి కళ్ళం నుంచి వచ్చిన దంపుడు బియ్యం. కళ్ళున్నవాళ్ళు ఏరినా ఒకటో రెండో రాళ్ళు మిగిలేవి. ఆవిడ ఏరిన బియ్యంలో ముద్దముద్దకీ రాయే. మొదటి రోజు మా తమ్ముడు "అబ్బా, రాయి" అనబోతే అమ్మ కళ్ళతోనే నోరు మూయించింది. తరవాత మమ్మల్ని వీధి అరుగు మీదికి తీసుకెళ్ళి చెప్పింది. "ఎవరి పంటికింద రాయి పడినా చప్పుడు చెయ్యకూడదు. తీసి ఆకులో పెట్టి, ఆకు మడిచెయ్యండి." నాన్నగారితో సహా అందరమూ అలాగే చేశాం. ఎంగిలాకులు తీసేటప్పుడు నా చేతికి ఆ రాళ్ళు గరగరలాడుతూ తెలిసేవి.

మా ఇంట్లో పొయ్యి ఆర్పిన సంగతి ఊరంతా పాకింది. లెక్క కోసం ఆర్పారని కొందరు, చాటుగా వండుకుంటున్నారని కొందరు అన్నారు. పుష్యమాసంలో లెక్కకు వచ్చిన రోజున కరణంగారి తమ్ముడి వెంట లోగిలి పెద్దాయన కూడా వచ్చారు. కావాలనే భోజనాల వేళకు వచ్చారు. కరణంగారి తమ్ముడు లోపలికి వెళ్ళి వంటింట్లో చల్లని పొయ్యి చూశాడు, పెరట్లో వెలుగుతున్న పొయ్యి చూశాడు. వీధి వసారాలో కూర్చున్న పెద్దాయనకు వచ్చి చెప్పాడు.

"ఒకటేనండీ."

"ఇవాళ ఒకటే. నిన్న ఎన్నో, రేపు ఎన్నో!" అన్నారాయన, నాన్నగారి వైపు చూస్తూ.

లోపలి నుంచి అత్తయ్య గొంతు వినపడింది. "భోజనాల వేళకు వచ్చిన మనిషిని ఊరికే కూర్చోబెట్టారేమిటి? ఆకు వెయ్యండి. ఏం బాబూ, నా చేతి వంట తింటావా?"

పెద్దావిడ అడిగితే కాదనడం ఎవరికీ సాధ్యం కాదు. వీధి వసారాలోనే నాన్నగారికీ తమ్ముళ్ళకీ పక్కన ఆకు వేసి నేనే వడ్డించాను. అన్నం, పప్పు, వంకాయ కూర. ఆయన రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నారు. దవడ ఆగిపోయింది. రాయి పంటికింద పడ్డ చప్పుడు నాక్కూడా వినపడింది. పక్కనే ఆకు ముందు కూర్చున్న నాన్నగారు తల వంచుకుని తింటూనే ఉన్నారు. ఆయన ఆకు అంచున అప్పటికే మూడు రాళ్ళున్నాయి. మా తమ్ముళ్ళ ఆకుల్లోనూ ఉన్నాయి. పెద్దాయన ఒక్కొక్క ఆకే చూశారు. తలుపు చాటున నిలబడ్డ అమ్మ ఆయన వైపే చూస్తోంది.

"ఎలా ఉంది బాబూ? ఉప్పు సరిపోయిందా?" అని లోపలి నుంచి అత్తయ్య అడిగింది.

ఆయన నోట్లో రాయి తీసి మెల్లగా ఆకులో పెట్టుకున్నారు.

"బావుందండీ అమ్మగారూ. కాస్త మజ్జిగ పొయ్యమనండి" అన్నారు. మారు అన్నం పెట్టించుకుని మరీ తిన్నారు. ఆకు మడిచి లేచి, చెయ్యి కడుక్కుని, కరణంగారి తమ్ముడితో అన్నారు.

"ఒకటే పొయ్యి. రాసుకో. నాటకానికి ఇన్ని రాళ్ళు ఎవరూ నమలరు."

చీటీ మీద ఐదుగురి సంతకాలూ ఆ వారంలోనే పడ్డాయి.

మాఘ శుద్ధ పంచమి వెళ్ళాక అత్తయ్యకు తోడుగా నేను బందరు వెళ్ళాను. కుడి కన్నుకు ఆపరేషను చేసి రెండు కళ్ళకూ కట్టు కట్టారు. తల కదపకూడదని అటూ ఇటూ ఇసక సంచులు పెట్టారు. ఉన్నన్నాళ్ళూ పాలు, అరటిపళ్ళు తప్ప ఆవిడ ఏమీ ముట్టలేదు. ఆసుపత్రి అన్నం తినలేదని నర్సు కోప్పడితే, "మా ఇంట్లో ఏడుగురూ నా వంటే తింటారమ్మా, నీ వంట నేను తినాలా?" అని గర్వంగా చెప్పింది. నేను అరటిపండు ఒలిచి ఆవిడ చేతికిచ్చాను. లావుపాటి కళ్ళద్దాలు పెట్టించుకుని ఫాల్గుణం మొదట్లో పడవ ఎక్కాం. పడవలో ఆవిడ నీళ్ళు చూడలేదు, ఒడ్డు చూడలేదు. నా మొహమే చూస్తూ కూర్చుంది. నల్లబడ్డావే అంది.

ఆ పైన జరిగింది క్లుప్తంగా చెప్తాను. మరుసటి పంటకు లోగిలి పెద్దాయనే మునసబుగారి అరుగు మీద చెప్పి, మడి పొయ్యిని వేరే లెక్కపెట్టకూడదని కట్టుబాటు మార్పించారు. ఊళ్ళో ఇంకా తొమ్మిదిమంది అలాంటి ఆడవాళ్ళు ఉన్నారని అప్పుడే లెక్క తేలింది. అంతవరకూ వాళ్ళెవరూ ఏ లెక్కలోనూ లేరు. ఆ మరుసటి ఏడు యుద్ధం వచ్చింది, ధాన్యం ధర పెరిగింది, కొలిచే చేతులు వెనక్కి వెళ్ళాయి. రాబోయే పంటకు పది పుట్లకు ఆరైనా రావని తేలాక డాక్టరుగారు గుడివాడ వెళ్ళి, రైలు దిగి వచ్చే జనానికి రూపాయి వైద్యం మొదలుపెట్టారు. ఆయన్ని తప్పుపట్టలేను. అత్తయ్య ఎడమ కన్ను అలాగే మిగిలిపోయింది. కుడి కన్ను మాత్రం చివరిదాకా పనిచేసింది.

బందరు నుంచి వచ్చిన మర్నాడు అత్తయ్య మామూలుగా స్నానం చేసి, మడి కట్టుకుని, చేటలో బియ్యం పోసుకుని వసారాలో వెలుతురుకు కూర్చుంది. కొత్త అద్దాలు సర్దుకుని చేటలోకి వంగింది. చాలాసేపు వంగే ఉంది. ఒక రాయి తీసింది, ఇంకోటి తీసింది, పక్కన కుప్ప పెట్టింది. అమ్మ గడప బయట పీట మీద ఉంది.

"అమ్మాయ్, ఇవే బియ్యమా ఇన్నాళ్ళూ వండింది?"

"అవేనండీ."

"ఇన్ని రాళ్ళుంటే ఒక్కళ్ళూ చెప్పలేదేం?"

"అప్పుడప్పుడూ ఒకటి తగిలేదిలెండి" అంది అమ్మ.

అత్తయ్య అద్దాల్లోంచి అమ్మ మొహంలోకి చూసింది. అన్నేళ్ళలో అంత తేరిపార చూడటం నేనెరగను. తరవాత చేట గడప మీదుగా బయటికి తోసింది.

"రేపటినుంచి బియ్యం నువ్వే ఏరు. నేను వండుతాను."

వంటింటి పొయ్యి మళ్ళీ వెలిగించమని ఆవిడ చెప్పలేదు. అమ్మ అడగనూ లేదు.